శిథిలాలు యెవరి ఆస్తి?

మన విద్యావంతులకు ఒక అలవాటు వుంది. యెక్కడైనా పాత కట్టడం కూలిందని వినగానే, "మనకు చరిత్ర మీద గౌరవం లేదు. రోము చూడండి, ఏథెన్సు చూడండి. మోటార్లు తిరిగే మహానగరం నడిబొడ్డున రెండువేల యేళ్ళనాటి శిథిలాలను కళ్ళలో పెట్టుకుని కాపాడుకుంటున్నారు" అని నిట్టూరుస్తారు. నారాయణపేటలో బడిపంతులుగా ఈ మాట ఉపాధ్యాయుల గదిలోనూ విన్నాను, సభావేదికల మీదా విన్నాను. ఇది సగం నిజం. సగం నిజాన్ని పిల్లలకు పాఠంగా చెప్పడం అబద్ధం చెప్పడంకంటె ప్రమాదకరం.

ఆ శిథిలాలు అంత శుభ్రంగా, అంత ఒంటరిగా యెలా మిగిలాయి? ఈ ప్రశ్న మన పెద్దలు వెయ్యరు.

రోములో కొలోసియం దాకా తిన్నగా సాగే విశాలమైన రాజమార్గం వుంది. దాన్ని 1932 అక్టోబరు 28న, తన ఫాసిస్టు మూక రోముమీదికి నడిచి పదేళ్ళయిన సందర్భంగా, ముస్సోలినీ ప్రారంభించాడు. ఆ బాటకోసం అలెస్సాండ్రీనో అనే పాత పేటను నేలమట్టం చేశారు. అక్కడ కాపురమున్న వేలాది జనాన్ని వూరిచివర వాడలకు తరిమారు. వింత యేమిటంటే, అప్పుడే తవ్వితీసిన ప్రాచీన కట్టడాలలో చాలాభాగం మళ్ళీ ఆ రోడ్డుకిందనే పూడిపోయింది! చరిత్రమీద ప్రేమే అయితే ఇలా చేస్తారా? ముస్సోలినీకి కావలసింది చరిత్ర కాదు. సీజరు పక్కన నిలబడడానికి ఒక వేదిక, కవాతుకు ఒక దారి.

ఏథెన్సు సంగతి చూద్దాం. ప్రజాస్వామ్యానికి పుట్టినిల్లని చెప్పుకునే అగోరాను తవ్వడానికి 1931 నుంచి వ్రిసాకి అనే పేటలో వందలాది ఇళ్ళు పడగొట్టారు. అంతకుముందే, 1875లో, ఆక్రోపొలిస్ కొండమీది మధ్యయుగపు బురుజును కూల్చారు. పార్థినాన్ లోపలి మసీదు కూడా అలాగే పోయింది. ఒక్క పెరిక్లీసు కాలం పవిత్రమైంది. తక్కిన కాలాలన్నీ మైల అయిపోయాయి. తవ్వకాలవల్ల విజ్ఞానం పెరగలేదని నేననను. పెరిగింది. ఆ విజ్ఞానానికి మూల్యం యెవరు చెల్లించారన్నదే నా ప్రశ్న.

మనుషులుంటే శిథిలం పాడవుతుంది గనుక తప్పలేదంటారా? క్రొయేషియాలోని స్ప్లిట్ నగరం దీనికి జవాబు చెబుతుంది. రోమన్ చక్రవర్తి డయోక్లీషియన్ కట్టించుకున్న కోటలో ఈనాటికీ జనం కాపురముంటున్నారు. ఆ గోడలమధ్యనే అంగళ్ళున్నాయి, ఇళ్ళున్నాయి. 1979లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. కాబట్టి జనాన్ని ఖాళీ చేయించడం శాస్త్రం కాదు, సాకు.

ఇక మన శిబిరంలోని కొందరు మిత్రుల మాట. "రాజుల శిథిలాలతో కష్టజీవికి పనేమిటి? కూలితే కూలనీ" అంటారు వీరు. వినడానికి విప్లవంగా వుంటుంది గాని ఇది చరిత్రను శత్రువుకు దానపత్రం రాసివ్వడమే. కట్టించినవాడి పేరు శాసనం మీద వుంటుంది. కట్టినవాడి గుర్తు రాయిమీద వుంటుంది. ఆ రాయి పోతే, శ్రమజీవి రాసిన ఒక్కగానొక్క దస్తావేజు పోయినట్టే. రాళ్ళు కొట్టి బావులు తవ్వడం ఈ నేలమీద వడ్డెరల పని. దేశంలో యెక్కడ ఆనకట్ట లేచినా అందులో పాలమూరు కూలీ చెమట వుందని సామెతలా చెప్పుకుంటాం. అలాంటి జిల్లాలో పుట్టినవాళ్ళం కట్టడాలు మనవి కావంటే యెలా?

రోము మనకు అంత దూరమూ కాదు. నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో అగస్టస్, టైబీరియస్‌ల వెండినాణేలు దొరికాయి. కృష్ణ ఒడ్డున ఇక్ష్వాకుల విజయపురిలో, అంటే నాగార్జునకొండలో, రోమన్ల రంగస్థలాలను తలపించే మెట్లమెట్ల ప్రేక్షకశాల బయటపడింది. 1955లో నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. లోయ మునిగేలోగా తవ్వకాలు జరిపి, ముఖ్యమైన కట్టడాలను విప్పి కొండమీదా, అనుపులోనూ తిరిగి కట్టారు. మెచ్చుకోదగిన పని. సాగర్ నీళ్ళు వద్దనేవాణ్ణి నేను కాను. కాని రాళ్ళను అంత జాగ్రత్తగా తరలించిన ప్రభుత్వం, అదే లోయలో ఇల్లూ పొలమూ పోగొట్టుకున్నవారి చరిత్రకు ఆ మ్యూజియంలో యెంత చోటిచ్చిందో వెళ్ళినప్పుడు చూడండి.

ఇప్పుడు ఈ ప్రశ్న మా గుమ్మంలోకి వచ్చింది. 2019లో జిల్లా అయిన మా నారాయణపేటలో, కృష్ణ తీరాన ముడుమాల్ వూరి పొలాల్లో, మూడు వేల యేళ్ళకు పైబడిన నిలువురాళ్ళున్నాయి. పది పద్నాలుగు అడుగుల యెత్తున్నవి యెనభై దాకా, చిన్నవి వేలల్లో. 2025లో ఇవి యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. వూరివాళ్ళు వీటిని నిలురాళ్ళ తిమ్మప్ప అంటారు. ఒక రాతిని యెల్లమ్మగా కొలుస్తారు. రేపు కంచె వస్తుంది, టిక్కెట్టు వస్తుంది, హోటలూ వస్తుంది. ఆ రాళ్ళచుట్టూ దున్నుకునే రైతు యెక్కడికి పోవాలి? ఇన్ని తరాలు వాటితో కలిసి బతికిన వూరిని ఆక్రమణదారుగా లెక్కగడతారా?

పట్టణంలోని బారంబావినే తీసుకోండి. చెత్తతో పూడిన ఆ పాత మెట్లబావిని బాగుచేశారు. సంతోషం. కాని మెట్లు కడిగినంత మాత్రాన చరిత్ర కడుక్కుపోదు. ఈ దేశంలో వూరబావి మెట్టు దిగే హక్కు అందరికీ వుండేది కాదు. చెరువునీళ్ళు తాకడానికే మహద్‌లో 1927లో అంబేద్కర్ పోరాడవలసివచ్చింది. బావి అందం గురించి చెప్పే ఉపాధ్యాయుడు ఈ మాట చెప్పకపోతే, చెప్పింది చరిత్ర కాదు, స్తోత్రం.

అందుచేత నేను కోరేది స్పష్టం. శిథిలాలను కాపాడాలి, వాటిపక్కన బతికేవారిని ముందు కాపాడాలి. భూమి తీసుకోక తప్పకపోతే వూరి సమ్మతితో, న్యాయమైన పరిహారంతో, వచ్చే రాబడిలో వాటాతో తీసుకోవాలి. కావలిపని, చూపించేపని ఆ వూరి యువకులకే ఇవ్వాలి. ప్రతి కట్టడం దగ్గరా పెట్టే పలకమీద కట్టించినవాడితోపాటు కట్టినవారి గురించీ, లోపలికి రానివ్వనివారి గురించీ రాయాలి.

విద్యార్థి మిత్రులారా! ఈసారి కొలోసియం బొమ్మ చూసినప్పుడు ఆ రాళ్ళెంత పాతవని మాత్రమే అడక్కండి. వాటిచుట్టూ అంత ఖాళీ యెలా వచ్చిందని అడగండి. ముడుమాల్‌లో ఆ ఖాళీ ఇంకా తయారు కాలేదు. అది తయారయ్యేలోగా అడగవలసిన బాధ్యత మనది.