మిశ్రమం ఎవరికి, సంకరం ఎవరికి?

ఇంగ్లీషులో ‘మిక్స్’ అనే చిన్న మాట వొకటి వుంది. దాని పుట్టుక తమాషాగా వుంటుంది. కలిసినది అనే అర్థంలో లాటిన్ ‘మిక్స్‌టస్’ ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చి ‘మిక్స్‌ట్’ అయింది. చివరనున్న ‘ట్’ను చూసి ఇదేదో భూతకాల రూపమని ఇంగ్లీషువారు భావించారు, ఆ ‘ట్’ను విరిచేసి ‘మిక్స్’ అనే క్రియను తయారుచేసుకున్నారు. కలపటమనే పనిని చెప్పటానికే ఆ జాతి పరాయి మాటను తెచ్చుకున్నది. అంతమాత్రాన తమ భాష మైలపడిందని వాళ్ళెవరూ గుండెలు బాదుకోలేదు.

ఈ మాట మన దేశానికి వచ్చి అనేక అవతారాలెత్తింది. కాంపౌండరు సీసాలో పోసి ఇచ్చిన మిక్చరు, బండిమీద పొట్లం కట్టి ఇచ్చే మిక్చరు, వంటింటి మిక్సీ - వీటి జోలికి నేను పోను. పండితులు దాన్ని తెలుగు చేసిన తీరు మాత్రం పరిశీలించదగినది. ప్రభుత్వరంగమూ ప్రైవేటురంగమూ కలిసి వుంటే దానికి ‘మిశ్రమ ఆర్థికవ్యవస్థ’ అని గౌరవప్రదమైన పేరు పెట్టారు. రెండు లోహాలు కలిస్తే మిశ్రమ లోహం. పత్తి సాళ్ళ మధ్య కంది వేస్తే మిశ్రమ పంట. కాని రైతు నోట రెండు భాషలు కలిసేసరికి పండితుని కలం వంకర తిరుగుతుంది. అది ‘సంకరం’ అవుతుంది. ఆవు సంకరజాతిదైతే పాలెక్కువని బ్యాంకు అప్పిస్తుంది. మాట సంకరమైతే మార్కులు తగ్గుతాయి!

సంకరమనే మాట ఎక్కడినుంచి వచ్చిందో చెప్పనక్కరలేదు. భగవద్గీత మొదటి అధ్యాయంలో అర్జునుని పట్టి పీడించిన భయం వర్ణసంకరం. కులం కులంతో కలుస్తుందేమోననే ఆ భయమే భాషాశాస్త్రమనే అంగరఖా తొడుక్కుని తరగతి గదిలోకి వచ్చి కూర్చున్నది. అచ్చ తెలుగులో ఈ పీడ లేదు. మనవాళ్ళు అన్నం కలుపుతారు, మాట కలుపుతారు, చేయి కలుపుతారు, వియ్యం కలుపుకుంటారు. అదే ‘కలుపు’ నామవాచకమైతే చేలో పీకివేయవలసిన గడ్డి. ఏది కలపవలసినదో ఏది పీకవలసినదో చేలో దిగినవాడికి తెలుసు. గట్టుమీద కూర్చున్నవాడికి అంతా గడ్డిగానే కనిపిస్తుంది.

తెలంగాణ ప్రజల భాషను ‘తౌరక్యాంధ్ర’మని ఎద్దేవా చేసిన రోజులున్నాయి. తెలంగాణలో కవులే లేరని వ్రాసినవారికి 1934లో సురవరం ప్రతాపరెడ్డిగారు గోలకొండ కవుల సంచికతో, 354 మంది కవులతో జవాబు చెప్పారు. కవులున్నారన్న సంగతి ఆ దెబ్బతో తేలిపోయింది. భాష సంగతి తేలలేదు.

కొంచెం పాత పుస్తకాలు తిరగవేద్దాం. సి. పి. బ్రౌను 1854లో మద్రాసునుంచి మిశ్రభాషా నిఘంటువును వెలువరించాడు. తెలుగులో కలిసిపోయిన అన్యదేశ్యాలను అందులో చేర్చాడు. ఆయన ఏ తెలుగువారి మధ్య ఉద్యోగం చేశాడు? కడపలో, మచిలీపట్నంలో, రాజమహేంద్రవరంలో - అంతా కుంపిణీ పాలనలోని జిల్లాలు. నైజాంలో కాదు. వకీలు, జామీను, ఫిర్యాదు, కిస్తీ, వసూలు, బాకీ, రద్దు - ఇవి కృష్ణ దాటి వచ్చినవారికి ఇక్కడ అంటుకున్న జాడ్యాలు కావు. కాబట్టి ‘మిశ్రభాష’ అనే బిరుదుకు తొలి హక్కుదారులు మనల్ని వెక్కిరించినవారే. వారు నేటికీ ‘జిల్లాధికారి’ అని వ్రాస్తారు. జిల్లా అరబ్బీ, అధికారి సంస్కృతం. రెంటికీ మధ్య నిక్షేపంలాంటి సవర్ణదీర్ఘసంధి! దీన్ని ఎవరూ ఎర్రసిరాతో చుట్టరు. బ్రౌను నిఘంటువుకు నాలుగేళ్ళ తర్వాత, 1858లో, చిన్నయసూరి సైతం బాలవ్యాకరణంలో తెలుగూ సంస్కృతమూ కలిసిన సమాసానికి మిశ్రసమాసమని పేరు పెట్టి పీట వేశాడు. సూరికి వున్న పాటి వోర్పు సూరి శిష్యప్రశిష్యులకు లేకపోయింది.

ఇక మన జనగామ సంగతి. పాలకుర్తి ఈ జిల్లాలోనే వుంది. జాను తెనుగుకు జయపతాక ఎత్తిన సోమన వూరది. అదే సోమన వృషాధిప శతకంలో సంస్కృతంలో, కన్నడంలో, మరాఠీలో, తమిళంలో పద్యాలు చెప్పాడు, మణిప్రవాళంలోనూ చెప్పాడు. పక్కనే వున్న బమ్మెర పేరు మోసిన పోతన కొందరికి తెలుగు ఇష్టం, కొందరికి సంస్కృతం ఇష్టం, అందరినీ మెప్పిస్తానని బాహాటంగా చెప్పుకున్నాడు. తెలుగులో సంస్కృతం కలిస్తే అది మణీ పగడమూ కలిపి గుచ్చిన హారం; ఉర్దూ కలిస్తే తురకం! రసాయనశాస్త్రంలో ఇటువంటి సూత్రం లేదు. ఇది ఎవరి చేతిలో తక్కెడ వుందన్న దానికి సంబంధించిన విషయం.

‘ఉర్దూ పాలకుల భాష కాదా? దాన్ని మన నెత్తిన రుద్దలేదా?’ అని అడుగుతారు. రుద్దారు. 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధనంతా ఉర్దూలోనే. 1921లో హైదరాబాదు సభలో ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగులో మాట్లాడబోతే గేలి చేశారు. ఆ అవమానంలోంచే ఆంధ్రజనసంఘం పుట్టింది. దీన్ని కాదనే ధైర్యం ఎవరికీ లేదు. ఐతే కచేరీలో కూర్చుని రుద్దిన భాష వేరు, అంగట్లో చేలో జనం తమంతట తాము కలుపుకున్న భాష వేరు. పహాణీ, విరాసత్, సాదాబైనామా అనే మాటలను మన రైతు భూమి పోగొట్టుకునీ, పట్వారీ చుట్టూ తిరిగీ నేర్చుకున్నాడు. అవి దెబ్బలతో పాటు వచ్చిన మాటలు. 2020లో వచ్చిన ధరణి పోర్టల్లో ‘మ్యుటేషన్’, ‘స్లాట్ బుకింగ్’, ‘ప్రొహిబిటెడ్ లిస్టు’ అనే మాటలు సరిగ్గా అదే పని చేశాయి. ప్రజలకు అర్థం కాకుండా కాగితాన్ని దాచే మిశ్రమాన్ని నేను సమర్థించను. చిత్రమేమంటే శుద్ధభాషావాదికి ఈ మాటల మీద కోపం లేదు. ‘పరేషాన్ అయిన’ అన్న ముసలమ్మ మీదే వుంది.

ఈ జిల్లాల చరిత్ర ఆ వాదాన్ని తలకిందులు చేస్తుంది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన చేను, తన పంట నిలుపుకున్నది. వీళ్ళు ఎదిరించినది ‘జులుం’. వీళ్ళు అడిగినది ‘హక్కు’. రెండూ అరబ్బీ మాటలే. ‘రైతు’ కూడా అరబ్బీయే. ‘రైతుకూలి సంఘం’ అని జెండామీద వ్రాసుకున్న మూడు మాటల్లో రైతు అరబ్బీ, కూలి ద్రావిడం, సంఘం సంస్కృతం. దీన్ని శుద్ధి చేయమంటే ఏ మాటను జెండామీదనుంచి చెరుపుతారు? ఉర్దూ దొరతనానికి ఎదురుతిరిగిన జనం ఆ దొరతనపు భాషలోంచే ఆయుధం లాక్కున్నారు. నిఘంటువులో ఇది అన్యదేశ్యం కావచ్చు, కడవెండిలో దేశ్యమే.

వూళ్ళ పేర్లు చూసినా అంతే. భూపాలుడు సంస్కృతం, పల్లి తెలుగు: భూపాలపల్లి. మహబూబు అరబ్బీ, ఆబాదు పారసీకం: మహబూబాబాదు, జనం నోట అదే మానుకోట. భూపాలపల్లి సింగరేణి కార్మికుడు షిఫ్టుకు పోయి, హాజరు వేయించుకుని, బాయి దిగుతాడు. మూడు భాషలు దాటాడన్న సంగతి అతనికి పట్టదు. కాళేశ్వరంలో ప్రాణహిత గోదావరిలో కలిస్తే సంగమమని స్నానాలు చేస్తాం గదా!

దీనివల్ల నష్టమేమిటని అడిగేవారికి వొక్క సంగతి చెపుతాను. ఆ మధ్య వొకచోట జవాబు పత్రాలు దిద్దుతుండగా ‘దవాఖాన’ అని వ్రాసిన విద్యార్థికి అర మార్కు కోసి, పక్కన ‘ఆసుపత్రి’ అని దిద్దారు. ఆసుపత్రి అచ్చ తెలుగట! అది యూరోపునుంచి వోడలో వచ్చిన మాటని నేను చెపితే, ‘అయినా అది శిష్టవ్యవహారం’ అని జవాబు వచ్చింది. అంటే భాష శుద్ధి ప్రశ్న కాదన్నమాట. కృష్ణకు ఆవలనుంచి వచ్చిన పరాయి మాట శిష్టం, ఈవలనున్న పరాయి మాట భ్రష్టం. ఆ అర మార్కుతో పిల్లవాడు నేర్చుకునేది పర్యాయపదం కాదు. తన తల్లి మాట్లాడేది భాష కాదని నేర్చుకుంటాడు.

ఇంతవరకూ చదివి సంతోషించిన తెలంగాణ మిత్రులకు వొక మాట. 2014 తర్వాత మనలో కొందరు ‘మాదే అచ్చ తెలుగు, మీదే సంస్కృత సంకరం’ అని వాదం తిప్పివేశారు. తక్కెడ చేయి మారింది, తూకంలో మోసం అలాగే వున్నది. మహబూబాబాదు తండాలనుంచి మా తరగతులకు వచ్చే పిల్లలు ఇంట్లో గోర్ బోలి, బడిలో తెలుగు, ఫారాలు నింపేటప్పుడు ఇంగ్లీషు వాడతారు. మనలో ఎవరూ మోయని బరువిది. ఆ పిల్ల ‘అమ్మ’ అనే వ్యాసంలో వొకచోట ‘యాడి’ అని వ్రాస్తే నవ్వేది కోస్తా పండితుడు కాదు. ‘దవాఖాన’ కోసం కొట్లాడిన మనవాడే. కోయ పిల్లవాని ఉచ్చారణను అనుకరించి వినోదించేది కూడా మనమే.

కాబట్టి పత్రాలు దిద్దే అధ్యాపక మిత్రులకు నా విజ్ఞప్తి: ముందుగా ‘దవాఖాన’కూ ‘యాడి’కీ వొకే న్యాయం చేయండి. వాక్యం అర్థమైందా, భావం పొందికగా వుందా అని చూడండి, చాలు. మాట ఏ వూరిదని అడగకండి. అడగక తప్పదంటారా, ‘జిల్లాధికారి’తో మొదలుపెట్టండి.