అంగస్తంభన ఇంజెక్షన్: 4 గంటలు దాటితే ఎమర్జెన్సీయే

పాతికేళ్లకే అంగస్తంభన సమస్య ఎదురైందా? గోడ మీది పోస్టర్ చూసి ఫోన్ చేయకండి. నపుంసకత్వాన్ని నయం చేస్తామనే ప్రకటనలను 1954 నాటి చట్టమే నిషేధించింది. ఉస్మానియా, గాంధీ, విశాఖ కేజీహెచ్ లాంటి ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో యూరాలజీ విభాగం ఉంది.

అక్కడ ముందు షుగర్, బీపీ చూస్తారు. మామూలుగా మొదట మాత్రలే ఇస్తారు. అవి పనిచేయకపోయినా, పడకపోయినా ఇంజెక్షన్ గురించి ఆలోచిస్తారు. ఆల్‌ప్రోస్టాడిల్ లాంటి మందును సన్నని సూదితో అంగం పక్క భాగంలోకి ఇస్తారు. రక్తనాళాలు విప్పారి స్తంభన వస్తుంది.

తొలి డోసు డాక్టర్ ఎదుటే తీసుకోవాలి. ఎందుకంటే, రక్తనాళాలు బాగున్న యువకుల్లో తక్కువ మోతాదుకే స్తంభన తగ్గకుండా నిలిచిపోయే ముప్పు ఎక్కువ. 4 గంటలు దాటితే కణజాలం శాశ్వతంగా దెబ్బతినొచ్చు. సిగ్గుపడి తెల్లారేదాకా ఆగొద్దు. వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.