రాత్రి వేడుక – ఊరి నిద్ర

తెనాలి ప్రాంతానికి రాత్రి వేడుక క్రొత్త కాదు. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు తెనాలి రామవిలాస సభ పక్షాన సత్యభామ వేషం కట్టిన నేల ఇది. 1980లలో అమెరికాలోని డెట్రాయిట్‌లో జువాన్ ఆట్కిన్స్ వంటి నల్లజాతి యువకులు యంత్రాలతో కల్పించిన టెక్నో సంగీతానికీ రసికులు లేకపోలేదు. నేలమాళిగలో తలుపులు మూసికొని, కోరి వచ్చినవారికి అతిథి డీజే వినిపిస్తే ఎవరికి నష్టం?

నందివెలుగు వంటి ఊళ్ళలో పెండ్లి ఊరేగింపు వెంట బండిమీద పెట్టెలు పేర్చుకొని వచ్చే డీజే సంగతి వేరు. పిలిచినది ఒక్క ఇంటివారు. వినక తప్పనిది ఊరంతటికీ. పసిబిడ్డ ఉలికిపడి లేస్తుంది. గుండెజబ్బు మనిషి గోడవైపు తిరిగి పడుకొంటాడు. 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనలు రాత్రి 10 నుండి ఉదయం 6 గంటలవరకు ఆరుబయట మైకులను నిషేధించి, మూసిన మందిరాలను మినహాయించినవి. చట్టానికున్న ఈపాటి వివేకం పెండ్లిపెద్దలకు కరవైనది. ఆపమని చెప్పడానికి పొరుగువారికి చుట్టరికం అడ్డు వస్తున్నది కాబోలు.