పాలతోపాటు పలుకూ కావాలి

పిల్లలకు చదువు ఏ వయసులో మొదలుపెట్టాలి? మూడేళ్ళకా, నాలుగేళ్ళకా, అయిదేళ్ళకా? మక్తబ్‌కు వచ్చే తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్న ఇది. చదువు అంటే అక్షరమని, అక్షరమంటే బడి అని మనం స్థిరపరచుకున్నాము. కాని ఖాయిదా చేతికి రావటానికి ఎంతో ముందే, పుట్టిన నాటినుండే బిడ్డ నేర్చుకోవటం ఆరంభమవుతుంది. ఆ తొలి మూడేళ్ళలో అతని పాఠశాల ఇల్లే, ఉస్తాదులు ఇంటివారే. ఈ మాటను ఉపదేశంగా చెప్పటం సులభం. దీన్ని కొలిచి, పోల్చి, దశాబ్దాల తరబడి వెంబడించి చూసిన పరిశోధకులు ఉన్నారు. వారి శ్రమ మన ఇళ్ళకు ఎంతో ఉపయోగపడుతుంది.

వాటిలో ప్రసిద్ధమైనది జమైకా దేశపు అధ్యయనం. 1986-87 సంవత్సరాలలో ఆ దేశ రాజధాని కింగ్‌స్టన్‌లోని పేదవాడల నుండి 129 మంది పసిపిల్లలను ఎంపిక చేశారు. అందరి వయసు 9 నుండి 24 నెలలు. సరైన పోషణ లేక, వయసుకు తగిన ఎత్తు పెరగక గిడసబారిన పిల్లలు వారు. వెస్ట్ ఇండీస్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన వైద్యురాలు శాలీ గ్రాంథమ్ మెక్‌గ్రెగర్ ఈ పరిశోధనకు నాయకత్వం వహించారు. పిల్లలను నాలుగు జట్లుగా విభజించారు. మొదటి జట్టుకు వారానికి కిలో చొప్పున పాలపొడి ఆహారం ఇచ్చారు. రెండవ జట్టు ఇళ్ళకు వారానికి ఒకసారి ఆరోగ్య కార్యకర్త వెళ్ళి, ఒక గంటసేపు తల్లికి బిడ్డతో ఆడటం, మాట్లాడటం నేర్పేది. మూడవ జట్టుకు ఈ రెండూ అందాయి. నాలుగవ జట్టుకు ఏదీ ఇవ్వలేదు. ఇలా రెండేళ్ళు సాగింది.

రెండేళ్ళు ముగిసేనాటికి ఆహారమూ మేలు చేసింది, ఆటా మేలు చేసింది. రెండూ పొందిన పిల్లలు అందరికంటే ఎక్కువగా పుంజుకున్నారు. అసలు విశేషం ఆ తరువాత బయటపడింది. ఆ పిల్లలకు 17, 18 ఏళ్ళు వచ్చాక మళ్ళీ పరీక్షించారు. పాలపొడి వల్ల మానసిక వికాసంలో కలిగిన లాభం అప్పటికి కనబడలేదు. ఆటపాటలు అందిన పిల్లలు మాత్రం తెలివితేటల పరీక్షలలోనూ, చదవటంలోనూ ముందున్నారు. వారిలో బడి మానేసినవారు కూడా తక్కువ. కార్యక్రమం ముగిసిన 20 ఏళ్ళకు 105 మందిని వెతికి పట్టుకుని వారి సంపాదనను లెక్కించారు. బాల్యంలో ఆ వారపు గంట దక్కినవారి ఆదాయం, దక్కనివారి కంటే 25 శాతం అధికంగా ఉంది. నోబెల్ బహుమతి పొందిన ఆర్థికవేత్త జేమ్స్ హెక్‌మన్ కూడా పాలుపంచుకున్న ఈ ఫలితాలు 2014లో వెలువడ్డాయి. హింసకు పాల్పడటం, మానసికంగా కుంగిపోవటం కూడా వారిలో తక్కువేనని ఆ జట్టును పరిశీలించిన మరొక నివేదిక తెలిపింది.

దీని అర్థం ఆకలిగొన్న బిడ్డకు అన్నం అక్కరలేదని కాదు. అన్నం పెట్టటం మొదటి బాధ్యత. అన్నం పెట్టి, కడిగి, పడుకోబెట్టి, అంతటితో బాధ్యత తీరిందనుకోవటం చాలదని మాత్రమే దీని సారాంశం.

ఇంతకూ ఆ గంటలో ఏం జరిగేది? ఖరీదైన బొమ్మలు లేవు, పుస్తకాల సంచులు లేవు. ఖాళీ ప్లాస్టిక్ సీసాలతో, అట్టముక్కలతో, గుడ్డపీలికలతో ఆటవస్తువులు తయారు చేసేవారు. ఒక వారం వాటిని ఇంట్లో వదిలి, మరుసటి వారం మార్చేవారు. కార్యకర్త తానే బిడ్డతో ఆడి వెళ్ళిపోయేది కాదు. తల్లి చేత ఆడించేది, తల్లి చేత మాట్లాడించేది. ఆమె చక్కగా చేసినప్పుడు మెచ్చుకునేది. పేదరికంతో, పనిభారంతో నలిగిన తల్లికి, నీ బిడ్డకు నేర్పగల శక్తి నీలో ఉందని గుర్తుచేసేది. కార్యకర్త వచ్చేది వారానికి ఒక గంటే. తక్కిన గంటలన్నీ తల్లివే.

ఇటువంటి ప్రయత్నం మన గడపలోనూ జరిగింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు, అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో భాగమైన నల్లగొండ జిల్లాలోని 60 గ్రామాలను ఎంచుకున్నారు. మూడు నెలల పసికందులున్న తల్లులను కలుసుకుని, బిడ్డలకు 15 నెలలు నిండేదాకా వారిని అనుసరించారు. కొన్ని గ్రామాలలో తల్లులకు అదనపు ఆహారం గురించి మాత్రమే బోధించారు. మరికొన్ని గ్రామాలలో దానితోపాటు, బిడ్డ ఆకలిని, తృప్తిని గుర్తించి ఓపికతో తినిపించటం, తినిపిస్తూ మాట్లాడటం, చిన్నచిన్న వస్తువులతో ఆడించటం కూడా నేర్పారు. ఇంకొన్ని గ్రామాలలో మామూలుగా అందే అంగన్‌వాడీ సేవలే కొనసాగాయి. తినిపించటానికి మాటనూ, ఆటనూ జోడించిన గ్రామాల పిల్లలు, మామూలు సేవలు మాత్రమే అందిన పిల్లల కంటే మానసిక వికాస పరీక్షలో మెరుగైన ఫలితం సాధించారు. ఈ ఫలితాలు 2013లో ప్రచురితమయ్యాయి. ఒడిశాలోని కటక్ మురికివాడలలో 421 మంది పిల్లల మధ్య జమైకా పద్ధతిని 18 నెలలు అమలుచేసినప్పుడు కూడా పిల్లల గ్రహణశక్తి మెరుగుపడింది.

ఒక హెచ్చరిక అవసరం. జమైకా అధ్యయనం చిన్నది. అక్కడి అంకెలు ప్రతి ఇంటా అలాగే వస్తాయని ఎవరూ హామీ ఇవ్వలేరు. మూడేళ్ళు దాటితే ఇక అంతా ముగిసినట్లేనని భయపడనవసరమూ లేదు. మనిషి చివరి శ్వాస వరకూ నేర్చుకోగలడు. అయితే పునాది వేసే వేళకు ఉన్న అనువు తరువాత అంతగా ఉండదు. అయిదేళ్ళు వచ్చేనాటికే పిల్లల మెదడు పరిమాణం పెద్దవారి మెదడులో దాదాపు 90 శాతానికి చేరుకుంటుంది.

పలుకుకు ఇంత బలం ఎక్కడిది? బిడ్డ కూత పెడతాడు, తల్లి బదులిస్తుంది. బిడ్డ వేలు చూపుతాడు, తల్లి ఆ వస్తువు పేరు చెబుతుంది. ఈ ఇచ్చిపుచ్చుకోవటంలోనే మాట, నమ్మకం, ఆలోచన ఏర్పడతాయి. అమెరికా మనోవైజ్ఞానికుడు ఎడ్వర్డ్ ట్రానిక్ 1970వ దశకంలో ఒక ప్రయోగం చేశారు. పసిబిడ్డతో నవ్వుతూ ఆడుతున్న తల్లిని కొద్ది నిమిషాలపాటు ఏ భావమూ లేకుండా, రాతిబొమ్మ మాదిరిగా కూర్చోమన్నారు. బిడ్డ మొదట నవ్వి చూశాడు, చేతులు చాచాడు. తల్లి ముఖం కదలకపోయేసరికి కలతపడి చూపు మరల్చుకున్నాడు. తల్లి దూరంగా పోలేదు, ఎదుటనే ఉంది. అయినా బిడ్డ ఒంటరివాడైనాడు.

ఈ రోజుల్లో మన ఇళ్ళలో ఆ కదలని ముఖం మొబైల్ ఫోను వెనుక ఉంటుంది. అన్నం తినటం లేదని బిడ్డ చేతికి ఫోను ఇస్తాము. మన చేతిలోనూ మరొక ఫోను ఉంటుంది. ఫోనులోని బొమ్మ ఎంతో మాట్లాడుతుంది గాని, బిడ్డ అడిగినదానికి బదులివ్వదు. ఏడాదిలోపు పిల్లలకు తెర అసలే వద్దని, ఏడాది వయసు వారికి కూడా తగదని, రెండేళ్ళు నిండినవారికి రోజుకు గంటకు మించరాదని, ఇంకా తగ్గిస్తే మరీ మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది.

ఈ బాధ్యత తల్లి ఒక్కరిదేనా? దివ్య ఖుర్ఆన్ అల్ బఖర సూరా 233వ వాక్యం పాలిచ్చే రెండేళ్ళను ప్రస్తావిస్తూ, తల్లీబిడ్డల పోషణను తండ్రిపై ఉంచింది. పాలు మాన్పించే విషయాన్ని కూడా ఇద్దరి అంగీకారానికి, సంప్రదింపులకు వదిలింది. ఇక దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లమ్) ఆచరణను చూడండి. హజ్రత్ అనస్ (రజి) తమ్ముడు అబూ ఉమైర్ ఒక చిన్న పిట్టతో ఆడుకునేవాడు. ఆ పిట్ట గురించి ప్రవక్త (స) ఆ పసివాణ్ణి పేరుపెట్టి పలకరించిన సంగతి బుఖారీ గ్రంథంలో ఉంది. ఒక ఉమ్మత్ బరువును మోస్తున్న మహనీయునికి పిల్లవాడి పిట్టను గురించి అడిగే తీరిక ఉంది. దుకాణం మూసి ఇంటికి వచ్చిన మనకు లేదనటం తగునా?

చేయవలసింది కష్టమైనదేమీ కాదు. అబ్బా ఇంటికి రాగానే పది నిమిషాలు ఫోను పక్కన పెట్టి బిడ్డ ముందు కూర్చోవాలి. అమ్మీ రొట్టెలు చేస్తూ పిండి ముద్ద ఒకటి బిడ్డకిచ్చి, గుండ్రన, పొడుగు అని మాటలు చెప్పవచ్చు. బట్టలు మడతపెడుతూ రంగుల పేర్లు చెప్పవచ్చు. నానీ, దాదీల కథలు, జోలపాటలు ఏ బొమ్మకూ తీసిపోవు. ఉర్దూ అయినా, తెలుగు అయినా ఇంట్లో సహజంగా పలికే భాషలోనే మాట్లాడండి. రాని ఇంగ్లీషు ముక్కల కోసం వచ్చిన మాటలను దాచుకోవద్దు. గల్ఫ్‌లో ఉన్న తండ్రులు ఫోను చేసినప్పుడు డబ్బు లెక్కలు ముగించి, బిడ్డను పేరుపెట్టి పిలిచి, అతని కూతకు కూతతోనైనా బదులివ్వాలి. రెండేళ్ళు నిండినా బిడ్డ రెండు మాటలు కలిపి పలకకపోతే, పిలుపుకు తిరిగి చూడకపోతే, అదే సర్దుకుంటుందని ఊరుకోక వైద్యునికి చూపించండి.

ఒక మాట మా మక్తబ్ అనుభవం నుండి. ఇంట్లో నాలుగు మాటలు విని వచ్చిన బిడ్డ అలిఫ్ చూపగానే ఇది ఏమిటని అడుగుతాడు. ఇంట్లో ఎవరూ పలకరించని బిడ్డ తల వంచుకుని ఊరుకుంటాడు. వాడికి అక్షరం కంటే ముందు ధైర్యం నేర్పవలసి ఉంటుంది, దానికి నెలలు పడుతుంది. ఉస్తాదు చేయగలిగినది చేస్తాడు. కాని ఆ ధైర్యాన్ని తల్లిదండ్రులు ఒడిలోనే, రూపాయి ఖర్చులేకుండా ఇవ్వగలరు.

సంతానం మనకు అప్పగించబడిన అమానత్. వారి కడుపును, మనసును రెండింటినీ నింపే సద్బుద్ధిని, ఓపికను అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.