యుద్ధం కనపడాలంటే బొమ్మ చిన్నది కావాలి

మన ఇంటి పేజీలో ఇంతవరకు వంశవృక్షాలు, పాత పట్టాలు, పెళ్ళిపాటలు, జేజమ్మ చేతి వంటలు వచ్చాయి. ఈసారి ఒక తగాదా వస్తోంది. వచ్చే దసరా కొలువులో ఒక మెట్టు మీద రాయచూరు యుద్ధం పెట్టాలని అందరం ఒప్పుకున్నాం గదా. బొమ్మలు ఎంత ఎత్తు ఉండాలి అన్నదగ్గరే చీలిపోయాం. జానెడు బొమ్మలు పది పెడితే చాలు, చూడముచ్చటగా ఉంటుందని మా బావగారి పక్షం. గోరంత కూడా లేని బొమ్మలు వేలల్లో పెట్టాలని నా పక్షం. ఆయన నా పక్షానికి "చీమల కొలువు" అని పేరు పెట్టారు. పేరు బాగుంది, వాదన మాత్రం బాగాలేదు. ఎందుకో చెప్తాను, ఓపికగా చదవండి.

ముందు తెలియనివాళ్ళకు రెండు మాటలు. చిన్న బొమ్మలతో పాత యుద్ధాలను బల్లమీద మళ్ళీ నడిపించే ఆట ఒకటి ఉంది. పాచికలుంటాయి, కొలబద్ద ఉంటుంది, పుస్తకంలాంటి నియమాలుంటాయి. దీనికి పుట్టినిల్లు యూరప్. ప్రష్యా సైన్యంలో రైస్‌విట్స్ అనే అధికారి 1824లో పటం మీద ఆడే యుద్ధక్రీడను అచ్చువేశాడు. ఇంగ్లండులో హెచ్.జి.వెల్స్ 1913లో 'లిటిల్ వార్స్' అని పుస్తకం రాసి, నేలమీద సీసపు సిపాయిలను పేర్చి, స్ప్రింగు ఫిరంగితో కొట్టే ఆట నేర్పించాడు. ప్రాచీన యుద్ధాలకోసమే 1965లో అక్కడ 'సొసైటీ ఆఫ్ ఏన్షెంట్స్' అనే సంఘం పుట్టింది. ఈ ఆటవాళ్ళ లెక్కలో ప్రాచీనమంటే సుమేరు రథాలనుంచి సుమారు 1500 దాకా. మన రాయచూరు 1520, అంటే గడప దాటి ఒక్క అడుగు. నేను ఇన్నేళ్ళుగా ఆడుతున్నది గ్రీకులు, రోమనులు, పోరస్ ఏనుగులు. కాబట్టి అక్కడినుంచే చెప్పుకొస్తాను.

బొమ్మల కొలతలు ఎన్నో ఉన్నాయి. అంగళ్ళలో ఎక్కువగా అమ్ముడుపోయేది 28 మిల్లీమీటర్ల బొమ్మ. దానికి ముఖముంటుంది, మీసముంటుంది, డాలు మీద గుర్తు వేయొచ్చు. తర్వాత 15, తర్వాత 6, చివరికి 2 మిల్లీమీటర్లు. 6లో మనిషి తల ఆవగింజంత. 2లో ఒక్కొక్క మనిషిని విడిగా పోయరు, దళం దళమంతా ఒకే ముక్కగా వస్తుంది. నేను చెప్పేది ఈ చివరి రెండింటి గురించే.

మొదటి వాదన నేల గురించి. గ్రీకు చరిత్రకారుడు పోలిబియస్ మాసిడోనియా వాళ్ళ బల్లేల వ్యూహం ఎట్లా నిలబడేదో కొలతలతో సహా రాసిపెట్టాడు. మనిషికి మూడడుగుల చోటు, లోతు 16 వరుసలు. 16,000 మంది నిలబడితే ముందు వరుసలో వెయ్యిమంది, అంటే మూడు వేల అడుగులు, సుమారు 900 మీటర్లు. 28 మి.మీ. బొమ్మ అసలు మనిషిలో సుమారు అరవయ్యో వంతు. ఆ లెక్కన ఈ ఒక్క దళానికే 15 మీటర్ల బల్ల కావాలి. 6 మి.మీ. బొమ్మ మూడువందలో వంతు, 3 మీటర్లు చాలు. 2 మి.మీ. బొమ్మ వెయ్యో వంతుకు దగ్గర, మీటరుకు లోపలే సర్దుకుంటుంది. మన ఇంటి భోజనాల బల్ల ఆరడుగులు. ఇప్పుడు చెప్పండి, ఏ బొమ్మ నిజం చెప్తోంది?

పెద్ద బొమ్మలవాళ్ళు దీనికొక ఉపాయం చేస్తారు. ఒక్క బొమ్మ ఇరవైమందికి లెక్క అంటారు. బాగానే ఉంది. కానీ అప్పుడు 16 వరుసల లోతు రెండు వరుసలో నాలుగు వరుసలో అయిపోతుంది. అడవిలాంటి వ్యూహం ఇంటిముందు వేసిన దడిలా మారుతుంది. ఆ వ్యూహం బలమంతా దాని లోతులో, బరువులో ఉంది. అది తీసేసి డాలుమీద నక్షత్రం గుర్తు ఎంత చక్కగా వేస్తే ఏం లాభం?

రెండో వాదన ఆకారం గురించి. క్రీ.పూ. 216లో కానే దగ్గర హానిబల్ రోమనులను ఓడించిన కథ మీలో చాలామంది చదివుంటారు. పోలిబియస్ లెక్క ప్రకారం రోమనుల కాల్బలం 80,000. హానిబల్‌కు 40,000 కాల్బలం, 10,000 గుర్రాలు. తక్కువమంది ఎక్కువమందిని ఎట్లా చుట్టేశారు? హానిబల్ తన నడుమ దళాన్ని నెలవంకలా ముందుకు ఉబికించి నిలబెట్టాడు. అది మెల్లగా వెనక్కు వంగింది, రోమనులు లోపలికి తోసుకొచ్చారు, రెండు పక్కలా ఉన్న ఆఫ్రికా దళాలు లోపలికి తిరిగాయి, గుర్రాలు వెనక తలుపు మూశాయి. ఆ యుద్ధమంతా ఒక వంపు. 28 మి.మీ. బొమ్మలు పక్కకు ముప్ఫై పెట్టి వంపు చూపించండి చూద్దాం. మెట్లు మెట్లుగా విరిగిన గోడ కనపడుతుంది తప్ప నెలవంక కనపడదు. 6 మి.మీ. బొమ్మలు రెండు వేలు పెడితే, బల్లకు అటువైపు నిలబడ్డ పిల్లవాడు కూడా "అయ్యో, లోపల ఇరుక్కుపోయారే" అంటాడు. నియమాలు ఎవరూ చెప్పనక్కరలేదు.

మూడోది నాకు అన్నిటికంటే ముఖ్యం. చిన్న బొమ్మ అబద్ధాన్ని పట్టిస్తుంది. క్రీ.పూ. 326లో జీలం ఒడ్డున అలెగ్జాండర్‌కు ఎదురు నిలిచిన పోరస్‌కు ఎన్ని ఏనుగులు? ఏరియన్ 200 అన్నాడు, డియోడోరస్ 130 అన్నాడు, కర్టియస్ 85 అన్నాడు. ఏనుగుకు ఏనుగుకు మధ్య కనీసం వంద అడుగుల ఎడం ఉందని ఏరియనే రాశాడు. వంద అడుగులంటే సుమారు 30 మీటర్లు. 200 ఏనుగులను ఒకే వరుసలో నిలబెడితే 6 కిలోమీటర్లు, 130 అయితే దాదాపు 4, 85 అయితే రెండున్నర. వెయ్యో వంతు బల్లమీద ఇవి వరసగా 6 మీటర్లు, 4 మీటర్లు, రెండున్నర మీటర్లు. బొమ్మలు పేర్చుకుంటూ పోతే ప్రశ్న దానంతటదే వస్తుంది. ఒక్క రాజు ఆరు కిలోమీటర్ల వరుసను ఎట్లా నడిపించాడు? కుడికొసన ఉన్నవాడికి ఎడమకొసన జరిగేది ఎప్పుడు తెలిసింది? ఏనుగుల సంఖ్య తగ్గించాలా, ఎడం తగ్గించాలా, ఒకటికి మించి వరుసలు ఉన్నాయనుకోవాలా? పెద్ద బొమ్మలతో రెండే రెండు ఏనుగులు పెట్టి "ఇవే ఆ రెండువందలు" అనుకుంటే ఈ ప్రశ్న జన్మకు రాదు.

ఇది నా సొంత తెలివి కాదు. హాన్స్ డెల్‌బ్రుక్ అనే జర్మన్ చరిత్రకారుడు ఇట్లాంటి లెక్కతోనే హెరొడోటస్‌ను నిలదీశాడు. పారశీక చక్రవర్తి జెర్‌క్సిస్ వెంట అన్ని లక్షలమంది వచ్చుంటే, ముందు వరుస గ్రీసు చేరేటప్పటికి చివరి వరుస ఇంకా పారశీకంలో ఇల్లు కదిలి ఉండదన్నాడు. నేల అబద్ధమాడదు.

ఇక మన రాయచూరు. పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నూనిజ్ రాసినదాన్ని బట్టి కృష్ణదేవరాయల సేన సుమారు 7,03,000 కాల్బలం, 32,600 గుర్రాలు, 551 ఏనుగులు. మన పెళ్ళిళ్ళలో ఈ ఏడు లక్షలు వినని ఏడాది లేదు. పైన చెప్పినట్టే 16 వరుసల లోతున, మనిషికి మూడడుగులు ఇచ్చి నిలబెడితే దాదాపు 40 కిలోమీటర్ల వరుస అవుతుంది. వెయ్యో వంతుకు కుదించినా 40 మీటర్లు, మన ఊరి కల్యాణమండపంలో పట్టదు. ఈ లెక్కతో రాయలవారి గొప్ప తగ్గదు. దండుతో నడిచేవాళ్ళు వేరు, ఒక ఉదయం వరుసకట్టి పోరాడేవాళ్ళు వేరు. వంటవాళ్ళు, గడ్డి కోసేవాళ్ళు, చాకళ్ళు, బరువు మోసేవాళ్ళు, అంగళ్ళవాళ్ళు దండులో సగం ఊరు. ఆ తేడా చెప్పగలిగే కథే గట్టిది. చెప్పలేని కథ ఎవడో చదువుకున్న పిల్లవాడు ఒక్క ప్రశ్న వేస్తే కూలిపోతుంది.

బావగారి వాదనకు కూడా న్యాయం చేయాలి. "మొహం కనపడని బొమ్మకు ఎవరు దణ్ణం పెడతారు? పిల్లలకు మన పెద్దవాళ్ళ ధైర్యం ఎట్లా తెలుస్తుంది?" అని ఆయన ప్రశ్న. నిజమే, పెద్ద బొమ్మకు దాని చోటు ఉంది. పశువులను తోలుకుపోయే దొంగలను అడ్డుకుని చచ్చిపోయిన ఒక్క మనిషికి మన పెద్దలు వీరగల్లు నిలబెట్టారు. ఇటు తమిళదేశంలో దాన్నే నడుకల్ అంటారు. అది ఒక్కడి కథ, అక్కడ మనిషిని పెద్దగా చెక్కాలి. పదిమందికి పదిమంది కొట్టుకునే ఆటకు 28 మి.మీ. బొమ్మే సరి, నేనూ ఒప్పుకుంటాను. కానీ అదే పెద్దలు సేనను చూపించాల్సి వచ్చినప్పుడు ఏం చేశారో హంపికి పోయి చూడండి. హజార రామాలయం ప్రహరీ గోడ బయటిపక్కన ఏనుగులు ఒక వరుస, గుర్రాలు ఒక వరుస, భటులు ఒక వరుస, నాట్యగత్తెలు ఒక వరుస, గోడ పొడుగునా సాగిపోతుంటాయి. ఏ ఒక్కటీ పెద్దది కాదు. ఆ శిల్పికి పెద్ద బొమ్మ చెక్కడం చేతకాక కాదు, సేన అంటే ఏమిటో తెలిసి అట్లా చెక్కాడు.

"అంత చిన్నవయితే బొమ్మలెందుకు, రంగు కాగితం ముక్కలు చాలవా?" అని ఇంకొకరు అడిగారు. ప్రష్యావాళ్ళు ఎరుపు నీలం దిమ్మెలతోనే ఆడారు. అధికారులకు అది చాలు. నాకు చాలదు. దిమ్మెను పక్కకు తోసేస్తే దిమ్మె పోయిందనిపిస్తుంది. ఆవగింజంత తలలు వంద ఉన్న పలకను బల్లమీదనుంచి తీసేస్తే మనుషులు పోయారనిపిస్తుంది. కానేలో ఒక్కరోజున రోమనులు సుమారు 48,000 మంది చచ్చారని లివీ రాశాడు. ఆ సంఖ్య చదివితే నోరు తిరుగుతుంది గానీ మనసుకు ఎక్కదు. పలక తర్వాత పలక తీసేస్తుంటే ఎక్కుతుంది.

ఖర్చు, కష్టం సంగతి కూడా మాట్లాడుకుందాం. 28 మి.మీ. బొమ్మకు కంటి గుడ్డుదాకా రంగు వేయాలి. బొమ్మకు గంట అనుకున్నా ఎనిమిది వందల బొమ్మలకు ఎనిమిది వందల గంటలు. 6 మి.మీ. బొమ్మలు నాలుగేసి ఒక పట్టీగా వస్తాయి. ముందు నల్ల పూత, పైన దాదాపు పొడిగా ఉన్న కుంచెతో తేలిక రంగు, తర్వాత తలకు, డాలుకు, బల్లేనికి ఒక్కొక్క చుక్క. రంగులు అసలుకన్నా ఒక మెట్టు వెలుగుగా వేయాలి, లేకపోతే దూరానికి అంతా బురదలా కనిపిస్తుంది. నా చేతికి ఒక సాయంత్రం వంద అవుతాయి. నియమాలూ మార్చనక్కరలేదు. 1990లో వచ్చిన డీబీఏ నియమాల్లో సేనకు పన్నెండు పలకలే. 15 మి.మీ. బొమ్మలకు చెప్పిన 40 మి.మీ. పలకమీద నలుగురు ఈటెగాళ్ళు నిలబడేచోట, చిన్నవాళ్ళు ఇరవైమందికి పైగా నిలబడతారు. ఆట అదే, కనపడేది మాత్రం వేరు.

ఇక అసలు సంగతి. ఈ తగాదా బొమ్మల ఎత్తు గురించి అనుకుంటే పొరపాటు. మనం విజయనగరం దండుతో దక్షిణానికి దిగి వచ్చామని చెప్పుకుంటాం. మదురై నాయకుల 72 పాళెములలో మనదీ ఒకటని పెద్దనాయన చెప్పేవారు. ఈ చుట్టుపట్ల తెలుగు మాట్లాడే ఏ ఇంటికి పోయినా ఇదే మాట. అందరి తాతా దళవాయే, అందరి తాతా గుర్రమెక్కినవాడే. మరి ఈటె పట్టుకుని నడిచినవాడు ఎవరి తాత? వాడికి పిల్లలు లేరా? దండు వెనక బండి తోలుకొచ్చిన అవ్వ ఎవరి జేజి? లెక్క వేస్తే మనలో నూటికి తొంభైమంది వాళ్ళ బిడ్డలమే అయ్యుండాలి. దళవాయిలు కొందరే, నడిచినవాళ్ళు వేలు. జానెడు బొమ్మ పెట్టిన ప్రతిసారీ ఆ వేలమందిని మెట్టు మీదనుంచి కిందికి దించేస్తున్నాం. వాళ్ళు పేర్లు రాసిపెట్టుకోలేదు, పట్టాలు పొందలేదు. మన వంశవృక్షంలో వాళ్ళకు కొమ్మ లేదు. వాళ్ళకు దొరికే చోటు ఈ ఆవగింజంత బొమ్మలోనే.

రాయచూరులో ముందు వరుస ఆదిల్‌షా ఫిరంగులకు చెదిరిపోయిందని, రాయలు తన ఉంగరం తీసి సేవకుడికిచ్చి, తాను చచ్చిపోతే రాణులకు చూపమన్నాడని నూనిజ్ రాశాడు. పెద్ద బొమ్మ ఆ ఉంగరాన్ని చూపిస్తుంది. మంచిదే, కథ గొప్పది. చిన్న బొమ్మలు చెదిరిన ముందు వరుసను, వెనకనుంచి కదిలిన దళాలను, ఆదిల్‌షా సేన వెనక పారుతున్న కృష్ణను చూపిస్తాయి. ఉంగరం ఇచ్చినాయన గెలవడానికి కారణం అక్కడుంది.

అందుకని నా మాట ఇది. రాయలవారి జానెడు బొమ్మ ఒకటి పై మెట్టున మరపాచి బొమ్మల పక్కన పెట్టుకుందాం, బావగారి ముచ్చట తీరనీ. యుద్ధం మెట్టు మాత్రం 6 మి.మీ. బొమ్మలదే కావాలి. మూడు వేల బొమ్మలు అవసరమవుతాయి, రంగు వేయడానికి చేతులు కావాలి. ఆది అమావాస్యకు ఊరికి వచ్చే పిల్లలందరికీ తలా వంద ఇస్తాను, కుంచెలు నేనే తెస్తాను. తను రంగు వేసిన వందమంది ఎవరో, ఏం తిన్నారో, ఏ ఊరినుంచి నడిచొచ్చారో ఒక్కొక్కరు ఊహించి నాలుగు వాక్యాలు రాయాలి. ఊహ అని పైన స్పష్టంగా రాసి, అవన్నీ ఈ పేజీలోనే వేద్దాం. బావగారూ, మీకూ ఒక వంద తీసిపెట్టాను. కళ్ళద్దాలు మరిచిపోకుండా తెచ్చుకోండి.