అప్‌డేట్‌కూ ఓ వేళ!

కొనేవాళ్లు కౌంటర్ దగ్గర ఉండగానే 'అప్‌డేట్ అవుతోంది, ఆపేయకండి' అంటుంది కంప్యూటర్. ఏలూరు రోడ్డు పుస్తకాల షాపాయనకైనా, ప్రాజెక్టు రిపోర్టు రాసుకునే పటమట కుర్రాడికైనా ఒళ్లు మండదూ!

అలాగని పూర్తిగా ఆపేస్తే? ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే 'వాన్నాక్రై' 2017 మేలో ప్రపంచాన్ని వణికించింది. కృష్ణా, గుంటూరు సహా కొన్ని జిల్లాల్లో పోలీసు కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. దాన్ని అడ్డుకునే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చిలోనే విడుదల చేసింది!

విండోస్ 11 వాడుతుంటే సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్, అందులో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ తెరవండి. 'యాక్టివ్ అవర్స్'లో మీ పనివేళలు పెట్టండి. ఆ వేళల్లో దానంతటది రీస్టార్ట్ కాదు. పరీక్షలుంటే 'పాజ్ అప్‌డేట్స్'తో కొన్నాళ్లు వాయిదా వేయొచ్చు.

రాత్రి షట్టర్ దించేముందు రీస్టార్ట్ కొట్టండి. పనీ ఆగదు, ఫైళ్లూ భద్రం.