గెడ్డ మాది, కరెంటు చదువు ఎవరిది?

"మీకు ఫీజు గవర్నమెంటే కడుతుంది, స్కాలర్‌షిప్ గవర్నమెంటే ఇస్తుంది, రిజర్వేషన్ ఉంది, ఇంకేం కావాలి?" విశాఖపట్నంలో మమ్మల్ని ఈ ప్రశ్న అడగనివాళ్ళు తక్కువ. కాలేజీ గుమాస్తా అడుగుతాడు, అద్దెకు గది ఇచ్చే ఇంటాయన అడుగుతాడు. జవాబు చెప్పీ చెప్పీ విసుగొచ్చింది. ఈసారి రాసి పెడుతున్నాం.

ముందు పాత సంగతి. మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రంలో మొదటి యంత్రం 1955లో తిరిగింది. డుడుమ జలపాతానికి పోవాల్సిన నీళ్ళను గొట్టాల్లోకి మళ్ళించారు. జలాపుట్ జలాశయం కింద ఊళ్ళు మునిగాయి. ఆ కరెంటు తీగల మీద కొండలు దిగి విశాఖపట్నం చేరింది. ఆ నదే కిందికొచ్చి సీలేరు అవుతుంది. ఎగువ సీలేరులో 240 మెగావాట్లు, డొంకరాయిలో 25, మోతుగూడెం దగ్గర దిగువ సీలేరులో 460. మొత్తం 725. ఇప్పుడు విశాఖకు సింహాద్రి ఉంది, దాని బొగ్గు తాల్చేరు నుంచి వస్తుంది, ఆ సంగతి మాకు తెలుసు. నగరం వెలుగంతా మాదేనని మేం అనడం లేదు. కానీ సాయంత్రం అందరూ ఒకేసారి స్విచ్ వేసినప్పుడు బొగ్గు కేంద్రం గంటల తరబడి వేడెక్కాలి, సీలేరు యంత్రం నిమిషాల్లో అందుకుంటుంది. గ్రిడ్డుకు ఆ నిమిషాల విలువ ఎంతో ఇంజనీర్లకు తెలుసు.

ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్నారు. మంచి పేర్లే. సీలేరు పేరు మాత్రం ఎవరికీ తట్టలేదు.

సరే, ఈ 70 ఏళ్ళలో ఆ కేంద్రాల చుట్టూ ఉన్న మా ఊళ్ళ నుంచి కంట్రోల్ రూములో కూర్చునే ఇంజనీర్లు ఎందరొచ్చారు? మేం లెక్కపెట్టడానికి రెండు చేతులూ అక్కర్లేదు. గేటు దగ్గర కాపలా మావాళ్ళు, తీగల కింద చెట్లు కొట్టేది మావాళ్ళు, క్వార్టర్లలో గిన్నెలు తోమేది మావాళ్ళు.

"చదవలేదు కాబట్టి" అంటారు. చదివిన పిల్ల కథ చెబుతాం. మాలో ఒకరి మేనకోడలు. గురుకులంలో ఇంటర్ చదివి, ఎంట్రెన్సు రాసి, నగరం శివార్లలోని ఒక ప్రైవేటు కాలేజీలో ట్రిపుల్ ఈ సీటు తెచ్చుకుంది. రెండో ఏడాది ఫీజు ప్రభుత్వం నుంచి రావడం ఆలస్యమైంది. "ముందు మీరు కట్టండి, వచ్చాక తిరిగిస్తాం" అన్నారు. కట్టకపోతే హాల్ టికెట్ లేదన్నారు. తండ్రి వచ్చే ఏటి కాఫీ, మిరియాలను సేటు దగ్గర ముందే తెగనమ్మి డబ్బు తెచ్చాడు. మూడో ఏట అదే పాట, నాలుగో ఏటా అదే. పిల్ల పాసైంది. కానీ 38 వేల బాకీ ఉందని ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ బీరువాలో పెట్టుకున్నారు. అప్రెంటిస్‌కు పిలుపొచ్చిన రోజు చూపించడానికి జిరాక్సు కాగితాలు తప్ప ఆమె దగ్గర ఏమీ లేవు. ఇప్పుడు ద్వారకానగర్‌లో ఒక బట్టల కొట్లో చీరలు మడతపెడుతోంది.

దీన్నే మీరు ఉచిత చదువు అంటున్నారు.

ఫీజు ఒక్కటే చదువు కాదు. 2020లో వసతి దీవెన అన్నారు, ఇంజనీరింగ్ వాళ్ళకు ఏడాదికి 20 వేలు. పది నెలలకు పంచితే నెలకు 2 వేలు. గాజువాకలో ఆ డబ్బుకు మంచం కూడా రాదు, మెస్ సంగతి వదిలేయండి. పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు తల్లిదండ్రుల ఆదాయం రెండున్నర లక్షలు దాటకూడదు. అన్న ఎక్కడో చిన్న ఉద్యోగం చేస్తే, రేషన్ కార్డు విడిపోలేదని తమ్ముడి దరఖాస్తు ఆపేస్తారు. ప్రభుత్వం మారితే పథకం పేరు మారుతుంది, ఖాతా మారుతుంది. ఆలస్యం ఒక్కటే మారదు.

మా తప్పూ ఉంది, ఒప్పుకుంటాం. మా ఇళ్ళల్లో చదువంటే టీచరుద్యోగం. ఏజెన్సీ టీచరు పోస్టులన్నీ మావాళ్ళకే ఇచ్చిన జీవో 3ను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేశాక కూడా మా నాయకులు వేరే దారి చూపించలేదు. పిల్లల్ని ఐటీఐ దాకా పంపి, కాంట్రాక్టు హెల్పరుగా పెట్టిస్తే పెద్ద మేలు చేసినట్టు సన్మానాలు చేయించుకుంటున్నారు.

కరెంటు చదువే ఎందుకు, ఏదో ఒక కంప్యూటరు కోర్సు చదువుకోవచ్చు కదా అంటారేమో. ఎందుకో చెబుతాం. ఇప్పుడు మా కొండల మీదికి పంప్‌డ్ స్టోరేజీ ప్రాజెక్టులు వస్తున్నాయి. ఎగువ సీలేరులో జెన్‌కోదే 1350 మెగావాట్లు. ఎర్రవరం, పెదకోట అంటూ ప్రైవేటు కంపెనీల పేర్లు వేరే. పైన ఒక జలాశయం, కింద ఒకటి. కరెంటు చౌకగా దొరికే వేళ నీళ్ళు పైకి తోడతారు, గిరాకీ ఉన్న వేళ కిందికి వదిలి కరెంటు తీస్తారు. తీసేదానికంటే తోడడానికే ఎక్కువ కరెంటు ఖర్చవుతుంది. ఈ ముక్క గ్రామసభలో మాకు ఎవరూ చెప్పలేదు. ఇంగ్లీషులో లావుపాటి ప్రాజెక్టు నివేదిక తెచ్చి బల్ల మీద పెట్టి, వేలిముద్ర వేయమంటారు. 1996 నాటి పెసా చట్టం మమ్మల్ని సంప్రదించమంది. ఆ పటం చదవగలిగిన మనిషి మాలో లేకుండా సంప్రదింపు ఏమిటి? మొదటిసారి ఎంత నీరు నింపాలి, ఏటా ఎంత ఆవిరైపోతుంది, గెడ్డ ఎన్ని నెలలు ఎండుతుంది, టవర్ల కింద ఎంత పోడు పోతుంది, ఇవి అడగడానికి మాకు మా ఇంజనీర్లు కావాలి. కంపెనీ పంపిన ఇంజనీరు ఆ ప్రశ్నలు మా తరఫున అడగడు.

అందుకని మేం అడిగేది దానం కాదు, వాటా. అనంతగిరి మండలం బొర్రా గనుల మీద నడిచిన సమత కేసులో 1997లో సుప్రీంకోర్టు ఒక మాట చెప్పింది. నికర లాభంలో కనీసం 20 శాతం స్థానికుల నీటికి, బడులకు, ఆసుపత్రులకు, రోడ్లకు శాశ్వత నిధిగా పెట్టమంది. అది గనుల సంగతి కదా అని లాయర్లు అంటారు. కొండ తవ్వితే వర్తించే న్యాయం కొండ నీళ్ళు వాడుకుంటే ఎందుకు వర్తించదు? కంపెనీలు చట్టం ప్రకారం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెడుతున్నామంటాయి. మా బడులకు అందినవి బ్యాగులూ, బెంచీలూ, వాటి మీద కంపెనీ పేరూ.

లెక్క మేమే వేశాం. ప్రతి 10 మెగావాట్లకు ఏటా ఒక ఆదివాసీ విద్యార్థి. సీలేరు, డొంకరాయి, మోతుగూడెం కలిపి 725, అంటే ఏటా 72 మంది. నాలుగేళ్ళ కోర్సు కాబట్టి ఎప్పుడూ 288 మంది చదువుతుంటారు. ఫీజు, హాస్టలు, పుస్తకాలు, దారి ఖర్చులు అన్నీ కలిపి తలకు లక్షన్నర చొప్పున ఏడాదికి 4 కోట్ల 32 లక్షలు. ఆ యంత్రాలన్నీ పూర్తి స్థాయిలో ఒక గంట తిరిగితే 7 లక్షల 25 వేల యూనిట్లు. యూనిట్ 3 రూపాయలే అనుకోండి, గంటకు 21 లక్షల 75 వేలు. ఏడాదిలో ఇరవై గంటల కరెంటు! ఒక రోజు కూడా నిండని ఆ డబ్బుకు 288 మంది చదువు.

ఆ డబ్బు కాలేజీకి ముందే చేరాలి, పిల్ల చదువు మధ్యలో కాదు. బాకీ పేరుతో సర్టిఫికెట్ ఆపే కాలేజీకి మరుసటి ఏడాది సీట్లు ఆపాలి. డిగ్రీతో వదిలేయకూడదు. ఎన్టీపీసీ, పవర్‌గ్రిడ్ లాంటి సంస్థలు గేట్ మార్కులు చూసి ఇంజనీర్లను తీసుకుంటాయి, ఆ శిక్షణకు ఇంకో ఏడాది ఖర్చు కూడా ఇందులో కలపాలి. ఎగువ సీలేరు కొత్త ప్రాజెక్టుకు ఇదే కొలత వేస్తే ఏటా మరో 135 మంది. ఆ సంఖ్య గ్రామసభ తీర్మానంలో రాసి, జెన్‌కో అధికారి సంతకం పెట్టాక, మా సంతకాల సంగతి మాట్లాడుకుందాం.